అరగడం కోసమే పుట్టిన ముక్క

జపాన్‌లో ఒకప్పుడు చెప్పులకు పళ్ళు కట్టేవాళ్ళు వీధి వీధీ తిరిగేవారు. అక్కడి చెక్కచెప్పులను గేటా అంటారు. వాటి అడుగున అడ్డంగా రెండు పలకలు ఉంటాయి, అవే పళ్ళు. కొన్ని రకాల్లో, ముఖ్యంగా వానకాలంలో తొడిగే ఎత్తు గేటాల్లో, ఆ పళ్ళను పైచెక్కతో కలిపి చెక్కరు. పైచెక్కకు గాడి తీసి అందులో బిగిస్తారు. నడిచి నడిచి పళ్ళు అరిగిపోతే పాతవి ఊడగొట్టి కొత్తవి దిగ్గొడతారు. పైచెక్క అదే, తాడూ అదే. ఈ ఒక్క పని మీద బతికే మనుషులు జపాన్ చరిత్రలోని ఎడో యుగం నుంచి 20వ శతాబ్దం దాకా పనిముట్లు మోసుకుంటూ ఊళ్ళలో కేకలేస్తూ తిరిగారు.

ఈ సంగతి చదివిన నాటి నుంచి నా చూపు జనం మొహాల మీద నిలవడం లేదు, మడమల మీదికి జారిపోతోంది. బషీర్‌బాగ్ చౌరస్తాలో రోడ్డు దాటేవాళ్ళను వెనక నుంచి చూడండి. ఎవరి బూటు చూసినా, ఎవరి చెప్పు చూసినా మడమ వెనకవైపు, బయటి మూల ఏటవాలుగా అరిగి ఉంటుంది. నడిచేటప్పుడు పాదం కాస్త బయటికి ఒరిగి, ముందుగా ఆ మూల మీదే నేలను తాకుతుంది. ఒంటి బరువంతా ఒక్క క్షణం అక్కడే పడుతుంది. జోడు మొత్తంలో ముందుగా చచ్చేది అరచేతిలో నాలుగో వంతు కూడా లేని ఆ ముక్క. దానికోసం మిగతా జోడునంతా పారేస్తున్నాం. ఆ ముక్కను విడిగా చేసి, మార్చుకునేలా పెట్టాలన్న ఆలోచన ఎక్కడెక్కడ ఎవరెవరికి తట్టిందో వెతుక్కుంటూ పోతే, పాదరక్షల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం దొరికింది.

మన పావుకోళ్ళకీ అడుగున రెండు దిమ్మలు ఉంటాయి. కానీ అవి ఒకే చెక్కలో తొలిచినవి. అరిగితే అరిగినట్టే. తోలుచెప్పుల దగ్గర మన ఉపాయం వేరు. తంగేడు చెక్కతో లంద తొట్టిలో ఊరిన తోలును పొర మీద పొర పేర్చి అట్ట కుడతారు. అడుగుపొర అరిగితే ఆరె, రంపె వంటి పనిముట్లు పట్టుకుని కొత్త పొర వేసి కుట్టేస్తారు. పైపట్టీలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. దేవుడి చెప్పులు కూడా అరుగుతాయని నమ్మిన జాతి మనది. వేంకటేశ్వరుడు రాత్రిపూట కొండ దిగి అలమేలుమంగ దగ్గరికి నడిచి వెళ్తాడనీ, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయనీ, కొత్తవి కుట్టి సమర్పించాలనీ ఒక నమ్మకం. అలిపిరిలో పాదాల మండపం దగ్గర ఇప్పటికీ భక్తులు స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. ఆ చెప్పులు కుట్టిన కులాన్ని మాత్రం ఊరు వెలుపల ఉంచారు. దొరల గడీల ముందు చెప్పులు తొడుక్కుని నడిచే హక్కు వాటిని కుట్టినవాళ్ళకే లేకుండా చేశారు. చెప్పును బతికించే విద్య ఎంత పెద్దదో మన సమాజం గుర్తించకపోవడానికి మూలం అక్కడే ఉంది.

ఎత్తు మడమ పుట్టింది నడక కోసం కాదు, స్వారీ కోసం. పారశీక రౌతులు రికాబులో పాదం జారకుండా బూటుకు మడమ పెట్టుకున్నారు. షా అబ్బాస్ 1599లో యూరప్ రాజుల దగ్గరికి దూతలను పంపాడు. ఆ రోజుల్లోనే పారశీకపు వేషం మీద యూరప్‌కు మోజు పుట్టి, మడమ అక్కడి మగవాళ్ళ కాళ్ళకు చేరింది. 1701లో రిగో గీసిన 14వ లూయీ చిత్రంలో రాజుగారి ఎర్ర మడమలు చూడవచ్చు.

మడమ వచ్చాక చెప్పులవాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. ప్రతి మడమ ఎత్తుకూ కుడికీ ఎడమకీ వేరువేరు కొయ్య అచ్చులు చేయించుకోవడం ఖర్చు. దాంతో సుమారు 200 ఏళ్ళు యూరప్‌లో ఎక్కువ జోళ్ళు కుడి ఎడమల తేడా లేకుండానే తయారయ్యాయి. ఇవాళ కుడికాలికి తొడిగింది రేపు ఎడమకాలికి తొడిగితే అరుగుదల రెండువైపులా సమంగా పడుతుంది. మన ఉత్తరాది జుత్తీలకూ సంప్రదాయంగా కుడి ఎడమలు లేవు. ఏ ముక్కా మార్చకుండా, ఒట్టి అలవాటుతో మడమ ఆయుష్షు పెంచే ఉపాయమిది.

అక్కడి నుంచి ఒక్క దూకులో 19వ శతాబ్దం చివరికి వచ్చేస్తాను. నా మనసంతా అక్కడే ఉంది.

1870లలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ పేరు మీద వెల్ట్ కుట్టే యంత్రం వచ్చింది. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టిన గుడ్‌ఇయర్‌కు ఈయన కొడుకు. వెల్ట్ అంటే బూటు చుట్టూ కుట్టే సన్నటి తోలుపట్టీ. అడుగు అట్టను ఆ పట్టీకి కుడతారు గానీ పైభాగానికి నేరుగా కుట్టరు. కాబట్టి పైభాగానికి చిన్న గాటు కూడా పడకుండా అడుగును ఎన్నిసార్లయినా మార్చవచ్చు. మడమ సరేసరి. తోలుపొరలు పేర్చి, అన్నిటికన్నా కింద, నేలను తాకే చోట ఒక ఆఖరి పొర కొడతారు. అరిగేది అదొక్కటే, మార్చేదీ అదొక్కటే. బూటు చేసేటప్పుడే దాని మరమ్మతు గురించి ఆలోచించిన కాలమది.

1880లలో లీడ్స్ నగరంలో జాన్ బ్లేకీ బూటు మడమకూ మునివేళ్ళ దగ్గరా కొట్టుకునే చిన్న ఇనుప బిళ్ళలు తయారుచేశాడు. గుర్రానికి లాడం ఎలాగో బూటుకు ఇవి అలాగ. సిపాయిల బూట్లకైతే మడమ అంచున గుర్రపులాడం ఆకారంలోనే ఇనుపపట్టీ ఉండేది. హైదరాబాద్ పాతతరం వాళ్ళు దీన్ని నాల్ అనేవారు. రాత్రి గస్తీ పోలీసు వీధి మలుపు తిరగకముందే ఆ చప్పుడు ఇళ్ళలోకి వినపడేది. ఇనుము తోలును కాపాడింది, కానీ నున్నటి నేల మీద జారేది, ఒళ్ళంతా అదిరేది.

ఆ అదురుకు మందు కనిపెట్టినవాడు మసాచుసెట్స్ రాష్ట్రంలోని లొవెల్ పట్టణంలో అచ్చాఫీసు పని చేసుకునే ఐరిష్ వలసవాడు హంఫ్రీ ఓసలివన్. రోజంతా గట్టినేల మీద నిలబడి కాళ్ళు పీకుతుంటే ఒక రబ్బరు చాప తెచ్చుకుని దాని మీద నిలబడేవాడట. తోటి పనివాళ్ళు ఆ చాపను ఎత్తుకుపోతూ ఉండేవారట. విసిగిపోయి, మడమ కొలతకు రెండు రబ్బరు ముక్కలు కోసి తన బూట్లకే మేకులతో కొట్టుకున్నాడని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా పేటెంటు తేదీ మాత్రం గట్టిది: 1899 జనవరి 24. రబ్బరు మెత్తన కాబట్టి మేకు తల దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. అందుకని తర్వాతి తయారీదారులు మేకు పడే చోట రబ్బరు లోపలే చిన్న లోహపు వాషరు పెట్టి పోత పోశారు. పైకి కనపడని ఆ వాషరు వల్లే రబ్బరు మడమ అంగట్లో విడిగా కొనుక్కుని ఇంట్లో సుత్తితో కొట్టుకునే వస్తువయింది.

ఇక నాకు మరీ ముద్దొచ్చేది తిరిగే మడమ. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఇంగ్లండ్‌లోని లేలండ్ పట్టణపు ఉడ్‌మిల్న్ కంపెనీ వంటివాళ్ళు గుండ్రటి రబ్బరు బిళ్ళలు అమ్మేవారు. నడిమధ్య ఒకే ఒక్క స్క్రూ. బయటి మూల అరుగుతోందా, బిళ్ళను కాస్త తిప్పితే అరగని అంచు ఆ చోటికి వస్తుంది. ఒకే మూల మీద పడే శిక్షను అంచంతా పంచుకుంటుంది. మనిషి నడక వంకర మారదు, దాన్ని మార్చమని ఎవరూ అడగలేదు. ఆ వంకరను లెక్కలోకి తీసుకుని వస్తువునే సర్దారు. గుండ్రటి బిళ్ళ గుర్రపుడెక్క ఆకారంలో ఉన్న మడమను పూర్తిగా కప్పదన్న లోపం ఉంది నిజమే. అయినా ఒక బిళ్ళ, ఒక స్క్రూ, ఇంతకన్నా తక్కువ సరంజామాతో ఇంత తెలివి చూపిన వస్తువు ఇంకోటి నాకు కనపడలేదు.

ఇంచుమించు ఇదే కాలంలో హైదరాబాద్‌లో ఒక జోడు చరిత్రకెక్కింది. 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అలెగ్జాండర్ జాకబ్ అనే సిమ్లా వర్తకుడు ఒక పెద్ద వజ్రం బేరం పెట్టాడు. అది చెడి కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. విసుగెత్తిన నిజాం ఆ వజ్రాన్ని ఒక జోడులో పడేశాడనీ, ఆయన పోయిన కొన్నేళ్ళకు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ జోడు ముందుభాగంలో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందనీ, కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు కొన్న జాకబ్ వజ్రం అదే. దాని తూకం 184.75 క్యారెట్లని పుస్తకాలు చెబుతాయి. అన్నేళ్ళు దాన్ని దాచిన జోడును కుట్టిన చేతుల గురించి ఏ పుస్తకం చదివినా తెలియదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

1950లలో మడమ సూదిలా సన్నబడింది. డియోర్ సంస్థకు పనిచేసిన రోజర్ వివియే వంటి వాళ్ళు స్టిలెటోను ఫ్యాషన్ చేశారు. కొయ్యతో అంత సన్నటి మడమ చేస్తే విరిగిపోతుంది, అందుకని ప్లాస్టిక్ మడమ లోపల ఉక్కు కడ్డీ పెట్టారు. ఒక లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి బరువు 40 చదరపు సెంటీమీటర్ల మామూలు మడమ మీద పడితే చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర కిలో. అదే ఒక్క చదరపు సెంటీమీటరు మొన మీద పడితే 60 కిలోలు. ఆ మొన ఎన్నాళ్ళు నిలుస్తుంది? కాబట్టి దాన్ని మొదటినుంచే విడి ముక్కగా చేశారు. గట్టి ప్లాస్టిక్ టోపీ, దాని వెనక సన్నటి ఉక్కు పిన్ను. పట్టకారుతో పాతది లాగి, కొత్తది మడమలోని రంధ్రంలో పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చాలు. ఆలస్యం చేసి పిన్ను దాకా అరగనిస్తే మాత్రం పట్టుకుని లాగడానికి ఏమీ మిగలదు. 21వ శతాబ్దంలో పారిస్‌లో తాన్యా హీత్ అనే కెనడా మహిళ మడమ మొత్తాన్నే ఊడదీసి, పొట్టిదో పొడుగుదో తగిలించుకునే జోళ్ళు తయారుచేసింది.

ఇక పోగొట్టుకున్నదాని గురించి. 1950ల చివరి నుంచి బ్రిటిష్ సైన్యంలో కూడా మేకుల బూట్లు పోయి, అడుగు మొత్తం ఒకేసారి అచ్చులో పోత పోసి అతికించే బూట్లు వచ్చాయి. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తేలిక, చవక, నీరు దిగదు. కానీ మడమ, అట్ట ఒకే ముద్ద. మూల అరిగితే మార్చడానికి విడి ముక్క లేదు. నారాయణగూడలో చెట్టు కింద మూడు పాదాల ఇనుప దిమ్మ పెట్టుకు కూర్చునే పెద్దాయనకు నా బూట్లు చూపిస్తే తిప్పి చూసి ఇచ్చేశాడు. "ఇంతకుముందు బూట్లయితే హీలు ఊడదీసి కొత్తది కొట్టిచ్చేటోళ్ళం సార్. ఇప్పుడొచ్చేవన్నీ ఒక్కటే పోత. దేన్ని మార్చాలె?" అన్నాడు. పాలీయురిథేన్ అడుగులతో ఇంకో గోడు. గాలిలోని తేమ ఆ పదార్థపు బంధాలను మెల్లగా తెంపేస్తుంది. పెళ్ళికి కొన్న బూట్లు పెట్టెలో భద్రంగా దాచి, నాలుగైదేళ్ళ తర్వాత తొడుక్కుంటే నాలుగడుగులకే అడుగు పొడిపొడిగా రాలిపోవడం మనలో చాలామందికి అనుభవం. వాడకపోయినా చచ్చిపోయే వస్తువును మనం ప్రగతి అనుకున్నాం.

మన పేదవాళ్ళు మాత్రం ఆ దారిన పూర్తిగా పోలేదు. తెలంగాణ పల్లెల్లో టైరు చెప్పులు చూడండి. లారీని మోసి అలసిన టైరు మనిషిని మోయడానికి ఇంకా ఎంతో కాలం పనికొస్తుంది. పట్టీ తెగితే కొత్త పట్టీ మేకుతో కొట్టుకోవచ్చు. రబ్బరు హవాయి చెప్పులకు పట్టీలు విడిగా కిరాణా కొట్లలోనే దొరికేవి, పిల్లలే వేలితో నొక్కి బిగించుకునేవారు. మార్చుకునే భాగాల డిజైన్‌కు ఇంతకంటే మంచి పాఠం ఏ కాలేజీలో చెబుతారు?

కాలేజీ మన ఊళ్ళోనే ఉంది. పాదరక్షల డిజైన్ నేర్పే జాతీయ సంస్థ ఎఫ్‌డీడీఐ శాఖ రాయదుర్గంలో పనిచేస్తోంది. రబ్బరు ఎంత అరుగుతుందో కొలిచే అంతర్జాతీయ పద్ధతి కూడా ఉంది. 16 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రబ్బరు బిళ్ళను గరుకు కాగితం చుట్టిన డ్రమ్ము మీద 40 మీటర్లు నడిపించి, ఎన్ని ఘన మిల్లీమీటర్లు పోయిందో చూస్తారు. కొలవడం తెలిసిన చోట చేయడం కష్టం కాదు. మడమ అడుగున ఆరేడు మిల్లీమీటర్ల విడి ముక్క పెట్టాలి. అది కుడి ఎడమలకు మార్చి వేసుకునేలా ఉండాలి. మేకుకో స్క్రూకో లోపల వాషరు ఉండాలి. మామూలు సుత్తి, పట్టకారులతో ఊడి రావాలి. కొలతలు కంపెనీకొకటిగా కాకుండా అందరికీ ఒకటే కావాలి. వీటిలో చాలావరకు వందేళ్ళ కిందటే తెలిసిన విషయాలు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లలు వేల సంఖ్యలో ఉన్నారు. ఇంటి నుంచి వచ్చే డబ్బులో గది అద్దె, మెస్సు బిల్లు, పుస్తకాలు పోగా మిగిలేది కొంచెం. ఇంటర్వ్యూకు ఒక్క జత బూట్లు కొని, మూల అరగగానే మళ్ళీ కొనాల్సి రావడం వాళ్ళకు చిన్న విషయం కాదు. బూట్ల కొట్లో వాళ్ళు ధర అడిగినట్టే "మడమ ముక్క విడిగా ఎంత?" అని అడగాలి. పదిమంది అడిగితే అమ్మేవాడు తయారీదారుణ్ణి అడుగుతాడు. ఆ ముక్క ధర పెట్టె మీద అచ్చయిన నాడు చెట్టు కింది పెద్దాయనకు మళ్ళీ పని దొరుకుతుంది. ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకునే మనిషికి, ఏ కులంలో పుట్టినా సరే, తలెత్తుకుని బతికే గౌరవం కూడా దొరకాలి.