తెరమీది పాఠము, చెంతనున్న గురువు

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున దువ్వాడ రైలు స్టేషను కలదు. విశాఖ స్టేషనులోనికి పోయిన బండి ఇంజను మార్చుకొని వచ్చిన దారినే మరల వెలువడవలసి యుండుటచే, ఆ జాప్యము తప్పించుటకై కొన్ని దూరపు బండ్లు నగరమును ప్రక్కన విడిచి దువ్వాడలోనే ఆగి సాగిపోవును. చేరువలో ఉక్కు కర్మాగారము కలదు. 1989లో ఎగుమతుల మండలముగా ఏర్పడి 2003లో ప్రత్యేక ఆర్థిక మండలమైన పారిశ్రామిక ప్రాంగణము కలదు. ఇంజనీరింగు కళాశాలలు కలవు. ఇచ్చట బండి దిగు విద్యార్థులు చేతిలోని ఫోనునుండి చూపు త్రిప్పరని పెద్దలు విసుగుకొందురు. చూచునదంతయు వినోదమే యనుకొనరాదు. ఉద్యోగమునకు అర్జీ ఎట్లు వ్రాయవలెను, ఇంటర్వ్యూలో ఎట్లు కూర్చుండవలెను, వెల్డింగు చేయునపుడు కడ్డీని ఏ కోణమున పట్టవలెను అను వీడియో పాఠములును అందులో నున్నవి.

ఈ పాఠములు నిన్న మొన్న పుట్టినవని మనకు తోచును. నిజమునకు వీని వయస్సు ఎనుబది యేండ్లకు పైబడినది. ఆ చరిత్రను ఒక్కసారి తిరుగవేసినచో, కాలేజీకి పోవు బిడ్డలున్న యింటికి పనికివచ్చు సంగతి యొకటి కనబడును.

పూర్వము మన తీరమున పని నేర్చుకొనుట యనగా పనివాని ప్రక్కన నిలుచుటయే. గోదావరి సాగరసంగమమున కోరంగిలో తెరచాప ఓడలు కట్టిన వడ్రంగులు పుస్తకము చదివి ఆ విద్య నేర్చినవారు కారు. తండ్రి బాడిస పట్టిన తీరు కొడుకు చూచెను. చేయి తప్పినపుడు తండ్రి ఆ చేయి పట్టుకొని దిద్దెను. చూచుట, చేయుట, దిద్దించుకొనుట అను మూడును ఒక్కచోటనే జరిగెను.

1941 జూన్ 21వ తేదీన విశాఖలో సింధియా కంపెనీవారి నౌకా నిర్మాణశాలకు డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిరి. ఆ శాలలో రూపొందిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. సరిగా ఆ 1941లోనే అమెరికాలో మరియొక ప్రయత్నము మొదలయ్యెను. యుద్ధసామగ్రి తయారుచేయుటకు, ఓడలు కట్టుటకు లక్షలాది క్రొత్తవారు కావలసివచ్చిరి. అందరి ప్రక్కను నిలుచుటకు అంతమంది మేస్త్రీలు ఎక్కడివారు? అప్పుడు ఆ దేశపు విద్యా కార్యాలయము పని నేర్పు చలనచిత్రములను తీయించెను. 1945 నాటికి అవి 457 అయ్యెను. ఈ లెక్కలో మమ్ములను ఆకర్షించినది చిత్రముల సంఖ్య కాదు. 457 చిత్రములతోపాటు 457 ఉపాధ్యాయ పుస్తకములను గూడ వారు సిద్ధపరచిరి. అనగా ఏ ఒక్క చిత్రమును ఒంటరిగా పంపలేదు. బొమ్మ ఆగిన పిమ్మట ఏమి అడుగవలెను, ఏమి చేయించవలెను అన్నది ఆ పుస్తకము చెప్పెను. దానిని చేతబట్టిన శిక్షకుడు గదిలో నుండెను. మేస్త్రీలు చాలకనే చిత్రములు తీసినవారు గూడ మేస్త్రీని పూర్తిగా తొలగింపలేకపోయిరి.

మన రేడియో గూడ ఈ సంగతినే మరియొక దారిని కనుగొనెను. 1956లో ఆకాశవాణి యునెస్కో సహాయముతో పూనా ప్రాంతమున 150 గ్రామములలో రైతు శ్రవణ బృందములను ఏర్పాటుచేసెను. పది యిరువది మంది రేడియో చుట్టు కూర్చుండి విని, అంతటితో లేచిపోలేదు. విన్నదానిని చర్చించిరి, సందేహములను తిరిగి కేంద్రమునకు వ్రాసి పంపిరి. ఆ చర్చను నడపుటకు ప్రతి యూరను ఒక సంచాలకుడు ఉండెను. రేడియో పెట్టె ముందు కూర్చుండు అలవాటున్న మనకు ఈ విషయమును విడమరచి చెప్పనక్కరలేదు. విన్న మాటపై ఇంట నలుగురు వాదించుకొన్న నాడే అది మనస్సున నాటును గదా!

తెలుగుపల్లెకు తెరపాఠము పెద్దయెత్తున వచ్చినది 1975 ఆగస్టు 1న. అమెరికా ఉపగ్రహమగు ఏ.టి.ఎస్.-6 ద్వారా ఏడాదిపాటు ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగెను. దీనినే ‘సైట్’ ప్రయోగమనిరి. మన రాష్ట్రమున మహబూబ్‌నగరము, మెదకు, కర్నూలు జిల్లాల పల్లెలు అందు చేరెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. ఈ ప్రయోగమున మేము గొప్పదిగా తలచునది ప్రాథమికోపాధ్యాయులకు 12 దినములు జరిపిన శిక్షణ. రమారమి 50,000 మంది ఉపాధ్యాయులు తెరమీద విజ్ఞానపాఠము చూచిరి, రేడియో వినిరి, అచ్చుపుస్తకము చదివిరి, పిమ్మట తమ చేతులతో ప్రయోగములు చేసిరి. ఉపగ్రహము ఆకాశమున నున్నను, నేలమీద మార్గదర్శకుడు కావలసియే వచ్చెను.

ఇంతలో దువ్వాడ పరిసరముల రూపము మారుచుండెను. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని యువకులు ప్రాణములొడ్డి పోరాడిరి. 1970 ఏప్రిల్ 17న శ్రీమతి ఇందిరాగాంధి పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. మరుసటి జనవరి 20న పునాదిరాయి పడెను. జాతికి అంకితమగునప్పటికి 1992 ఆగస్టు వచ్చెను. ఈ నడిమి కాలమున పొలములు వదలుకొన్న కుటుంబముల ఆశ యంతయు ఉద్యోగముపైననే నిలిచెను. నాగలి పట్టిన చేయి ఫర్నేసు చెంత పనికి రావలెననిన సర్టిఫికెట్టు కావలెను. సర్టిఫికెట్టునకు శిక్షణ కావలెను. 1961 నాటి అప్రెంటిసు చట్టము కర్మాగారము లోపలనే అనుభవజ్ఞుని ప్రక్కన నేర్చుకొను ఏర్పాటు చేసెను. చట్టము ఆంగ్లభాషలో వ్రాసినదైనను భావము కోరంగి వడ్రంగిదే.

తరువాతి మెట్లను త్వరగా దాటవచ్చును. 1982లో హైదరాబాదున దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. పిమ్మట దానికి అంబేద్కరుగారి పేరు పెట్టిరి. 2000లో ‘జ్ఞానదర్శన్’, 2004లో విద్యకొరకే ఎగసిన ‘ఎడ్యుశాట్’ వచ్చెను. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞానసంస్థ కలిసి ‘ఎన్‌పీటెల్’ పేర ఇంజనీరింగు పాఠములను వీడియోలుగా వెలువరింపసాగెను. 2017లో ‘స్వయం’ తోడయ్యెను. ఆ యేడే తెలంగాణమున ‘టి-శాట్ నిపుణ’ తెలుగున నైపుణ్యపాఠములకు తెర తెరచెను. 2020 లాక్‌డౌనునాడు టీసీఎస్ అయాన్ వారు ఉద్యోగార్థులకై 15 దినముల పాఠ్యక్రమమును ఉచితముగా నిచ్చిరి. పాఠములకు కొరత తీరినది.

ఐతే ఉపాధ్యాయ పుస్తకము ఎక్కడ? శిక్షకుడు ఎక్కడ? ‘ఎన్‌పీటెల్’ వారు ఈ లోటును గుర్తించి కళాశాలలలో స్థానిక శాఖలను, మార్గదర్శకులను ఏర్పరచిరి. పరీక్షను మాత్రము కేంద్రమునకు వచ్చి వ్రాయవలెననిరి. కాని ఫోనులో దొరకు వేలకొలది చిన్న పాఠములకు ఇట్టి తోడు లేదు. గట్టున కూర్చుండి ఈత చూచినవాడు ఈత వచ్చినదని భ్రమించు ప్రమాద మిందున్నది. వెల్డింగు తప్పైనచో అతుకు ఊడి వెంటనే తెలియును. మాట తీరు తప్పైనచో చెప్పువారెవరు?

ఇంటర్వ్యూ విషయమే చూడుడు. ‘మిమ్ము గూర్చి చెప్పుడు’ అనునది మొదటి ప్రశ్న. మన యిండ్లలో తన్ను తాను పొగడుకొనుట దోషమని పెంచుదుము. పిల్లవాని మంచిని మేనమామయో, మాస్టరుగారో చెప్పవలెను గాని వాడు చెప్పుకొనరాదు. అట్లు పెరిగిన బాలుడు ఆ ప్రశ్న వినగానే తల వంచుకొని, ఊరి పేరు, తండ్రి పేరు చెప్పి మిన్నకుండును. పరదేశపు మర్యాదను అనుసరించి తీసిన వీడియో ‘ధైర్యముగా మాటలాడుము’ అని పదిమార్లు చెప్పినను, ఆ మౌనము భయము కాదు, సంస్కారమని ఎరుగదు. ప్రక్కనున్న తెలుగు మాస్టరుగారు ఎరుగుదురు. ‘నేను గొప్పవాడననకుము, నీవు చేసిన పని యేదో చెప్పుము, సెలవులలో నాన్నగారి మోటారు విప్పి బిగించితివి గదా, అది చెప్పుము’ అని ఆయన అనినచో బాలుని నోరు పెగలును. తరువాత వాడు ఆ వీడియో రెండవమారు చూచినపుడు, అందలి మాటలు వానికి మొదటిసారి అర్థమగును.