పటములో కనబడని రాళ్లు

ఉప్పల్‌లో ఒక సంఘమువారు క్రొత్త మందిరమునకు నమూనా గీయించుచు నన్ను పిలిచిరి. కిటికీలు పైన మొనదేలియుండవలెనని పెద్దల పట్టు. "పూర్వకాలపు దేవాలయమంటే అట్లనే ఉంటది గదా అయ్యగారూ" అనిరి.

ఆ పూర్వకాలము మనకు ఎక్కడనుండి వచ్చెను? అపొస్తలుల దినములలో విశ్వాసులు ఇండ్లలో కూడుకొనిరి. మొనదేలిన కమానుల గాథిక్ పద్ధతి 1140 ప్రాంతమున ఫ్రాన్సు దేశములో పుట్టినది. లోకమంతటికిని దానిని అలవాటు చేసిన వాటిలో పందొమ్మిదవ శతాబ్దపు అచ్చు పటములు ముఖ్యమైనవని నా తలంపు.

జర్మనీలోని కొలోన్ దేవాలయపు సంగతి వినుడి. 1248లో పునాది వేసిరి. 1560 ప్రాంతమున పని నిలిచిపోయెను. మొండి గోపురముమీద రాళ్లెత్తు కొయ్య యంత్రము మాత్రము 1868 వరకు అట్లే నిలిచియుండెను. ఊరికి అదియే గురుతు! సుల్పిజ్ బోయిస్రే అను ఆ ఊరివాడు 1808లో మందిరమును కొలువ మొదలుపెట్టెను. 1814లో డార్మ్‌స్టాట్‌లో, 1816లో పారిస్‌లో, ముందరి గోపురముల ప్రాచీన నమూనా ముక్కలు దొరికినవి. 1820ల దశకములో అతడు రాగిరేకులమీద చెక్కించి ప్రకటించిన పెద్ద పటములలో మందిరము రెండు గోపురములతో సంపూర్ణముగా నిలిచియున్నది. అట్టి మందిరమును ఎవరును కన్నులార చూచియుండలేదు. అయినను తమ పితరుల మందిరము ఇదియేయని జనుల మనస్సులలో నాటుకొనెను. 1842లో పని మరల ఆరంభమై 1880లో ముగిసెను.

పటము మోసగించుటయు కలదు. పారిస్‌లోని నోత్రదామ్ మీద, గడ్డమును చేతులపై ఆనించుకొని ఊరిని చూచు కొమ్ముల భూతమును షార్ల్ మెర్యోన్ 1853లో చెక్కి అచ్చువేసెను. అది మధ్యయుగపు బొమ్మయని నేటికిని అనేకులు నమ్ముదురు. నిజమునకు అప్పటి మరమ్మతులలో క్రొత్తగా పెట్టినదే.

మన మెదక్ దేవాలయమును గాథిక్ పద్ధతిదే. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. పోస్నెట్ దొరగారి పేరు అందరెరిగినదే. కరవున నలిగిన పల్లెజనులు అక్కడ కూలిచేసి కడుపు నింపుకొనిరి.

నాచారములో ఒక పెద్దమ్మ యింట గోడమీద ఆ దేవాలయపు పటమున్నది. ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె దానిని చూపి, "మా నాయనమ్మ అక్కడ రాళ్లు మోసిందంట అయ్యగారూ. ఈ పటంల ఆమె ఏడున్నదో ఎట్ల తెలుస్తది?" అనెను. ఆమెతోకూడ మోసినవారి పేర్లు అడిగితిని. నాలుగు చెప్పగలిగెను. సంఘపు పుస్తకములో వ్రాసుకొంటిని.