టస్కీగీ నర్సు, సంఘం, 1974 నాటి చట్టం

అమెరికాలో డాక్టరేట్ పొందిన నర్సులు మరి రెండు మూడేళ్ళు పరిశోధనలో శిక్షణ పొందడం నేడు వింత కాదు. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటి దీర్ఘకాలిక రోగాలు పేదలను, నల్లజాతివారిని ఎందుకు ఎక్కువగా బాధిస్తున్నాయనేది వారిలో అనేకుల అధ్యయన విషయం. వేదాంత పత్రికలో దీనికి చోటెందుకని పాఠకులు అడుగవచ్చు. ఈ శిక్షణకు ధనసహాయం కల్పించిన చట్టం పుట్టుకలో సంఘానికి కూడా పాత్ర ఉంది. అది గర్వించదగిన పాత్ర కాదు గనుకనే మేము దీనిని ఎన్నుకున్నాము.

1932లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సేవా విభాగం, టస్కీగీ విద్యాసంస్థ సహకారంతో, అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో ఒక అధ్యయనం ఆరంభించింది. అందులో 399 మంది సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులు, 201 మంది ఆ వ్యాధి లేనివారు. ఎక్కువమంది పేద కౌలు రైతులు. వారికి "చెడు రక్తానికి" వైద్యం చేస్తున్నామని చెప్పారు. నిజానికి చికిత్స లేకపోతే వ్యాధి ఎటు పోతుందో చూడడమే ఉద్దేశం. 1940ల చివరికి పెన్సిలిన్ అందరికీ తెలిసిన మందు అయినా వీరికి ఇవ్వలేదు.

రక్తపరీక్షలు జరిగిన స్థలాలు పాఠశాలలు, దేవాలయాలు. పరీక్షల కబురు ఆరాధనకు వచ్చినవారికి అక్కడే అందేది. ఈ పనికి ప్రాణం యూనిస్ రివర్స్ అనే నల్లజాతి నర్సు. ఆమె 1922లో టస్కీగీలో నర్సింగ్ పూర్తిచేసింది. తన కారులో రోగులను తీసుకొని వచ్చేది, ఇండ్లకు వెళ్ళి పరామర్శించేది, మరణించినవారి కుటుంబాలను శవపరీక్షకు ఒప్పించేది. అందుకు ప్రతిఫలం సమాధి ఖర్చు. ఆ పేదలకు అది చిన్న సంగతి కాదు. 1953లో వెలువడిన ఒక పరిశోధనా వ్యాసంలో మొదటి రచయితగా ఉన్నది ఆమె పేరే. 1958లో ప్రభుత్వం ఆమెకు పురస్కారమిచ్చింది.

ఆమెను ఎలా తీర్పు తీర్చాలి? నిర్ణయాలు వైద్యులవి, అధికారం తెల్లవారిది. అయినా ఆ పురుషులు నమ్మింది వైద్యులను కాదు, ఆమెను. కాపరులనూ నమ్మారు. ఈ పరీక్ష దేనికని వేదిక మీదనుండి ఎవరైనా అడిగి ఉంటే, నలభై ఏండ్లు అది సాగేదా అని మాకు అనిపిస్తుంది. మన మందిరాలలో వైద్య శిబిరాలకు అనుమతి ఇచ్చేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు ఎన్ని?

1972 జూలైలో పత్రికలు దీనిని బయటపెట్టాయి. బాధితుల పక్షాన దావా వేసిన న్యాయవాది ఫ్రెడ్ గ్రే వాక్య పరిచారకుడు కూడా. 1974లో ప్రభుత్వం కోటి డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. అదే ఏడు జూలైలో జాతీయ పరిశోధనా చట్టం వచ్చింది. దాని రెండవ భాగం, పరిశోధనకు లోనయ్యే మనుష్యుల రక్షణకై ఒక కమిషన్‌ను నియమించింది. 1979 నాటి బెల్మాంట్ నివేదిక దాని ఫలమే. మొదటి భాగం పరిశోధకుల శిక్షణకు జాతీయ భృతులు ఏర్పరచింది. ఒకే చట్టం పరిశోధకులను తయారుచేయడానికీ, వారికి కళ్ళెం వేయడానికీ పూనుకుంది.

1985లో హెక్లర్ నివేదిక, అల్పసంఖ్యాక వర్గాలలో ఏటా సుమారు 60,000 అధిక మరణాలు సంభవిస్తున్నాయని లెక్క చెప్పింది. 1986లో జాతీయ నర్సింగ్ పరిశోధనా కేంద్రం ఏర్పడింది. రివర్స్ మరణించిన సంవత్సరమూ అదే. 1993లో ఆ కేంద్రం పూర్తి స్థాయి సంస్థ అయింది. 1974 నాటి భృతులపైనే నర్సుల డాక్టరేట్ అనంతర శిక్షణ విస్తరించింది. 1990 నుండి ఆ శిక్షణలో నైతిక బాధ్యతపై బోధన తప్పనిసరి. మళ్ళీ వారు సంఘాల తలుపులే తట్టారు, ఈసారి పరిశోధన ఉద్దేశం తెలియజెప్పి, సమ్మతి అడిగి.

1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పేనాటికి ఆ పురుషులలో ఎనిమిది మంది మాత్రమే బ్రతికి ఉన్నారు. 2025లో వెలువడిన అధ్యక్షుని బడ్జెట్ ప్రతిపాదన ఆ నర్సింగ్ పరిశోధనా సంస్థను రద్దు చేయాలని కోరింది.