కల్నల్ మెకంజీకి దారి చూపిన ఏలూరు కుర్రాడు

మీలో ఎంతమంది ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నారు? విజయవాడలో నేనూ అదే చేశా. మార్కులు బాగా పడతాయన్నారు, పడ్డాయి. ఇప్పుడు ఒక్క వాక్యం అడగండి... రాదు. మనకి భాష అంటే మార్కులు, లేదంటే వీసా. అంతే.

కానీ మన డెల్టా ఎప్పుడూ ఇలా లేదు. మచిలీపట్నం రేవుకి 1600ల మొదట్లోనే డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. గోల్కొండ దర్బారులో పార్సీ నడిచేది. నేతగాళ్ల దగ్గర బట్ట కొనాలంటే తెలుగు కావాలి. ఈ మధ్యలో నిలబడినవాడే దుబాసి, అంటే రెండు భాషలవాడు. ఆ రోజుల్లో ఇది పెద్ద ఉద్యోగం.

ఇప్పుడు ఏలూరు వెళ్దాం. కావలి వెంకట బొర్రయ్య 1776లో పుట్టాడు. చిన్న వయసులోనే సంస్కృతం, పార్సీ, హిందుస్తానీ, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. 1790లలో కంపెనీ సైన్యంలో ఇంజినీరు కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. దక్షిణాదిని సర్వే చేస్తూ శాసనాలు, తాళపత్రాలు, ఊళ్ల కథలు సేకరించింది ఈ మెకంజీయే. కానీ ఆయనకి మన భాషలు రావు! ఈ జ్ఞానానికి తలుపు తెరిచింది బొర్రయ్యేనని 1817లో ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

"గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉంది కదా బ్రో" అంటారేమో. చూడండి, బొర్రయ్య చేసింది మాటకి మాట పెట్టడం కాదు. ఎవరిని కలవాలి, ఏం అడగాలి, ఏ రాయి మీద ఏముంది, ఇవన్నీ తెలిసినవాడు. పాత కన్నడ శాసనాలు కూడా చదివాడు. 1803లో చనిపోయాడు. ముప్ఫై కూడా నిండలేదండీ.

తర్వాత ఆ పని తమ్ముడు లక్ష్మయ్య నడిపాడు. 1821లో మెకంజీ పోయాడు. సేకరణ పని నేను కొనసాగిస్తానని 1830లలో లక్ష్మయ్య ముందుకొస్తే ఏషియాటిక్ సొసైటీ సెక్రటరీ జేమ్స్ ప్రిన్సెప్ కాదన్నాడు. సహాయకుడిగా పనికొస్తాడట, మొత్తం బాధ్యత మోసే స్థాయి మాత్రం లేదట! ఇన్నేళ్లు ఆ పని నడిపిన మనిషి గురించి ఈ మాట.

అంటే భాష వస్తే తలుపు తెరుచుకుంటుంది, కుర్చీ మాత్రం ఎవరూ ఊరికే ఇవ్వరు. ఇంకో తమ్ముడు రామస్వామి ఏం చేశాడో తెలుసా? 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో తనే పుస్తకం వేశాడు. ఇంకొకరి పుస్తకానికి సాయం కాదు, కవరు మీద తన పేరే.

స్కూల్లో ఇంకో భాష ఎందుకు అంటే నా జవాబు ఇదే. పరాయివాళ్లు మన గురించి రాసింది మనమే చదవాలి, తప్పుంటే వాళ్ల భాషలోనే చెప్పాలి. దానికి 98 మార్కులు చాలవు, మాట్లాడటం రావాలి.

మీ ఇంట్లో పిల్లలు రేపు సెకండ్ లాంగ్వేజ్ ఎంచుకునేటప్పుడు "ఏది స్కోరింగ్?" అని కాకుండా "ఏది నిజంగా నేర్చుకుంటావురా?" అని ఒక్కసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.