యంత్రం చదువు - మనిషి దిద్దుబాటు

యంత్రం తనంతట తానే చదివి జ్ఞానం సంపాదిస్తుందనే మాట ఈనాడు తరచుగా వినబడుతోంది. ఆ 'తనంతట తానే' అన్నది ఎంతవరకు నిజమో చరిత్రలోకి పోయి చూడాలన్నదే నా ఉద్దేశం.

1984లో అమెరికాలో డగ్లస్ లెనాట్ 'సైక్' పథకం ప్రారంభించాడు. లోకజ్ఞానాన్ని మనుషుల చేత ఒక్కొక్క వాక్యంగా రాయించి కంప్యూటరుకు ఎక్కించడం ఆయన మార్గం. చచ్చిపోయినవాడు సరుకులు కొనడన్న సంగతి సైతం యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి! దశాబ్దాలు గడిచినా ఆ పని తరగలేదు.

2010 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం ఎదురుదారి పట్టింది. వారి ప్రోగ్రాం పేరు 'నెల్'. డబ్బిచ్చినవారిలో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ, గూగుల్ ఉన్నాయన్న సంగతిని మరువరాదు. నగరాలు, మొక్కలు ఇలా వందలాది వర్గాలు ఏర్పరచి, ఒక్కొక్కదానికి పది పదిహేను ఉదాహరణలు చూపి, దాన్ని సుమారు 50 కోట్ల వెబ్ పుటల మీదికి వదిలారు. తెలిసిన పేరు ఏ మాటల పక్కన వస్తోందో గమనించడం, ఆ మాటల పక్కనే కనబడ్డ కొత్త పేర్లను పోగుచేయడం, వాటి సాయంతో మరికొన్ని పలుకుబళ్ళు పట్టడం. దాని చదువు ప్రధానంగా ఇదే. మన ఆలంకారికులు పునరుక్తిని దోషమన్నారు. నెల్‌కు పునరుక్తే ప్రమాణం.

ఇంగ్లీషులో 'కుకీ' అంటే బిస్కత్తు. వెబ్‌సైట్లు మన కంప్యూటరులో దాచే చిన్న ఫైలుకూ అదే పేరు. నెల్ ఈ రెండో కుకీని కూడా రొట్టెల జాబితాలో వేసింది. జనం 'ఇంటర్నెట్ కుకీలు చెరిపేశాను' అని రాస్తారు. 'ఫైళ్ళు చెరిపేశాను' అనీ రాస్తారు. ఇంకేముంది, ఫైళ్ళు కూడా పొయ్యిలో కాలిన తినుబండారాలైపోయాయి! మొదటి తప్పు రెండోదానికి గురువైంది. తొలి ఆరునెలలు ఎవరూ జోక్యం చేసుకోలేదు. ఆ తరువాత పరిశోధకులు రెండు వారాలకొకసారి ఒక్కో వర్గం మీద ఐదేసి నిమిషాలు కూర్చుని దిద్దవలసి వచ్చింది. బళ్ళో ఎర్రసిరా పట్టేవాడిగా నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు.

ఇంకొక సంగతి. నెల్ చదివినవి ఇంగ్లీషు పుటలు. అదే విశ్వవిద్యాలయంలో, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి నాయకత్వాన సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. 2007 నాటికి మొత్తం 15 లక్షలు దాటాయి. కాని పేజీని ఫోటో తీసినంత మాత్రాన యంత్రం అక్షరాలు గుర్తుపట్టదు. పుస్తకం ఎక్కింది, చదువు ఎక్కలేదు.

2020లో వచ్చిన జీపీటీ-3 ఈ వర్గాలనే వదిలేసింది. వాక్యంలో తరువాతి మాట ఏదో ఊహించడమే దాని అభ్యాసం. దిద్దేవారి అవసరం మాత్రం తీరలేదు, ఆ పని కూలికి మారింది. ఆ సంస్థ కోసం కెన్యా కార్మికులు గంటకు 2 డాలర్లు మించని కూలికి హింస, అత్యాచార వర్ణనలు చదివి గుర్తులు పెట్టారని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. యంత్రం అటువంటి మాటలు పలకకుండా ఉండటానికి ముందు వాళ్ళు అవన్నీ చదవవలసి వచ్చింది. ఆ జూలైలో వారిలో కొందరు తమ దేశ పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు.