తాతగారి బండి – ఒక పాఠపరిష్కరణ

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో నేనొక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పింది కాదు. అయినా అబద్ధం అబద్ధమే. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరైనా దీన్ని చదువుతారన్న ఆశతో, ఆ పొరపాటు ఎక్కడ పుట్టిందో, ఎలా బయటపడిందో వివరంగా రాస్తున్నాను.

నెల్లిమర్లలో మా తాతగారి పెరటి శాలలో ఒక పాత బండి ఉండేది. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక సరుకు వేసుకునే తొట్టి. ఇప్పటివాళ్ళు పికప్ అంటారు, మా ఇంట్లో మాత్రం అది 'జీపువాను'. గోగునార మోపులు పల్లెల నుంచి మిల్లుకు చేరవేయడం దాని ప్రధానవృత్తి. మా ప్రాంతపు గోగునారకు ఒకప్పుడు భీమునిపట్నం రేవు పేరుమీద 'బిమ్లీ జూట్' అన్న పేరు దేశాంతరాలలో వాడుకలో ఉండేది. చెరువులో కుళ్ళబెట్టి తీసిన నార వాసన ఆ తొట్టి చెక్కలను ఈనాటికీ వదలలేదు.

తాతగారు చెప్పే కథ ఇది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్ళకు తరలిపోయారు. తీరానికి సైన్యం వచ్చింది, సైన్యంతో జీపులు వచ్చాయి. యుద్ధం ముగిశాక మిగులు సామగ్రిని ప్రభుత్వం వేలం వేసినప్పుడు తాతగారు ఒక జీపు పాడుకొన్నారు. తరువాత దాని పైకట్టు మార్పించి సరుకుల బండిగా చేయించారు. "పైన తొడుగు మారింది కానీ గుండె మాత్రం యుద్ధం చూసిన గుండే" అని ముగించేవారు.

ఈ కథనే నేను పాఠంలో భాగం చేసుకున్నాను. రెండవ ప్రపంచ యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా పిల్లలను ఆ శాలకు తీసుకువెళ్ళి, "యుద్ధం ఎక్కడో ఐరోపాలో జరిగిందనుకోకండి, దాని తునక మన ఊళ్ళోనే ఉంది" అని చూపేవాణ్ణి. పిల్లలు భయభక్తులతో తాకి చూసేవారు.

తాతగారు 1983లో గతించారు. ఆ తరువాత బండి కదలలేదు. నా ఉద్యోగవిరమణ అనంతరం ఆస్తి పంపకాలలో శాల ఉన్న స్థలం నా వంతుకు వచ్చింది, దానితోపాటు బండీ వచ్చింది. పాత ఇనుము కొనేవాడు బేరానికి వచ్చాడు. ఇంట్లో అందరూ ఇచ్చేయమన్నారు. నాకు మనసొప్పలేదు. విజయనగరంలో పాత జీపులు బాగుచేయడంలో చెయ్యితిరిగిన మేస్త్రి ఒకాయన ఉన్నాడని విని పిలిపించాను.

ఆయన ఇద్దరి సీట్ల మధ్య ఉన్న ఇనప డబ్బా మూత ఎత్తాడు. ఆ బండిలో ఇంజను ముందు ముక్కులో ఉండదు, గదిలోనే డ్రైవరు మోకాలి పక్కన ఉంటుంది. చిన్నప్పుడు ఆ మూతమీద కూర్చొని ప్రయాణం చేసినందుకు తొడలు కాలిన జ్ఞాపకం నాకింకా ఉంది. మేస్త్రి టార్చి వేసి రెండు నిమిషాలు చూసి, నావైపు తిరిగి అన్నాడు:

"ఏటి మాస్టారూ, ఇది మిలట్రీ ఇంజనని ఎవులు సెప్పారండీ మీకు? ఇది హరికేనండీ. మిలట్రీది గో డెవిల్. దానికి తలకాయ బల్లపరుపుగా ఉంటది."

నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. కానీ ఆయన ఓపికగా చూపించాడు. తరువాత నేనూ చదివి సరిచూసుకున్నాను. విషయం ఇది. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. వాటన్నిటిలోనూ ఒకే రకం ఇంజను, నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు, 60 అశ్వశక్తి. గాలి లోపలికి వచ్చే వాల్వూ, పొగ బయటికి పోయే వాల్వూ రెండూ కింద బ్లాకులోనే ఉంటాయి. అందుచేత పైన హెడ్ వట్టి పలకలా ఉంటుంది. 1950లో విల్లీస్ వారు అదే బ్లాకు కొలతలు ఉంచి, గాలి వాల్వులను మాత్రం పైకి, హెడ్‌లోకి మార్చారు. శక్తి 72కు పెరిగింది. దాని పేరే హరికేన్. హెడ్ మీద వాల్వుల డబ్బా ఉంటే అది 1950కి ముందుది కాజాలదు. మా బండికి ఆ డబ్బా ఉంది.

ఇక పైకట్టు సంగతి. డ్రైవరు ఇంజను మీదుగా కూర్చునే ఈ రకం జీపు ట్రక్కును విల్లీస్ వారు అమెరికాలో 1956 చివర విడుదల చేశారు. మహీంద్రా వారు 1940ల చివరినుంచి బొంబాయిలో విల్లీస్ జీపులను బిగిస్తూ వచ్చి, 1960ల నడుమ ఈ ట్రక్కును కూడా ఇక్కడ తయారుచేయసాగారు. అంటే మా తాతగారి బండి విశాఖ మీద బాంబు పడిన తరువాత ఇరవై ఏళ్ళు దాటాక పుట్టింది. పైకట్టు ఎవరో కట్టించినది కాదు, పుట్టుకతో వచ్చినదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు మా చిన్నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై అయిదు దాటినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు. విషయం చెప్పగానే నవ్వారు.

"ఒరే అబ్బాయీ, వేలంలో కొన్న జీపు వేరురా. అది నిజమే. నాకు ఆరేడేళ్ళప్పుడు వచ్చింది. అప్పుల్లో అమ్మేశారు నాన్నగారు. ఈ వాను తరువాతెప్పుడో కొన్నాం."

"మరి తాతగారు ఈ బండి గురించే చెప్పేవారు కదండీ?"

"అమ్ముకున్నదాని గురించి చెప్పుకోవడం ఆయనకి కష్టంగా ఉండేదేమో. కథ దీని మీదికి తెచ్చుకున్నారు. నేనెందుకు కాదనాలి?"

తెలుగు పండిత శిక్షణలో మాకు నేర్పిన మొదటి విషయాలలో ఒకటి ప్రక్షిప్తాన్ని గుర్తించడం. ఒక కావ్యంలోని పద్యం మరొక కావ్యంలోకి వచ్చి చేరుతుంది. చేర్చినవాడు ద్రోహి కానక్కరలేదు, తరచుగా అభిమానియే అవుతాడు. ఆ పద్యం కల్ల కాదు, దాని చోటు మాత్రం కల్ల. మా తాతగారి కథ సరిగ్గా అలాంటిది. పద్యాలలో ఇది పట్టుకోగలిగిన నేను, ఇంట్లో మాత్రం ముప్పై ఏళ్ళు పట్టుకోలేకపోయాను. ఆధారం మూత కిందే ఉంది. మూత ఎత్తి చూడలేదు, అంతే.

ఇక బాగుచేసే ప్రశ్న. యుద్ధపు బండి కాదని తేలాక ఇంట్లోవారి వాదం బలపడింది. "కనీసం డీజిలు ఇంజను పెట్టించండి" అన్నారు. అది కొత్త సలహా ఏమీ కాదు. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత మన దేశంలో ఎన్నో పెట్రోలు జీపుల గుండెలు తీసి ట్రాక్టరు డీజిలు ఇంజన్లు పెట్టారు. తాతగారే ఆనాడు ఆ పని చేసి ఉంటే దాన్ని కూడా చరిత్రగానే స్వీకరించేవాణ్ణి. ఇప్పుడు నేను చేస్తే అది నా చేరిక అవుతుంది. ఒక ప్రక్షిప్తాన్ని తొలగించిన చేత్తోనే మరొకటి చేర్చడం న్యాయం కాదనిపించింది. 2021లో కేంద్రప్రభుత్వం తెచ్చిన పాతబండ్ల నిబంధన కూడా యాభై ఏళ్ళు దాటడమే చాలదంటుంది, చట్రంలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు ఉండరాదంటుంది. శాసనకర్తలకూ పరిష్కర్తలకూ ఈ ఒక్కచోట ఏకాభిప్రాయం కుదిరింది.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో కిరోసినూ పల్చటి ఆయిలూ కలిపి పోసి పన్నెండు రోజులు వదిలేశాం. పదమూడో రోజున హ్యాండిల్ వెంట్రుకవాసి కదిలింది. హెడ్ విప్పి చూస్తే మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి, మూడవది మాత్రం తుప్పుతో గుంటలు పడింది. మేస్త్రి కారణం చెప్పాడు. బండి చివరిసారి ఆగిన క్షణాన ఆ సిలిండరు వాల్వు తెరుచుకొని ఉండిపోయింది. ఇన్నేళ్ళ తేమా దాని దారినే లోపలికి వెళ్ళింది.

నాలుగింటినీ బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేద్దామన్నాడు. సులువైన పని అదే. నేను వద్దన్నాను. తాళపత్ర ప్రతిలో ఒక పంక్తి శిథిలమైతే ఆ పంక్తినే పూరిస్తాం, పుట అంతా తిరగరాయం. సి.పి. బ్రౌను తన పండితులచేత అనేక ప్రతులు పక్కపక్కన పెట్టించి సరిచూయించింది మూలాన్ని నిలుపుకోవడానికే. మేస్త్రి నా ఉపన్యాసం విని తల గోక్కుని, మూడవ సిలిండరుకు మాత్రం లేతు మీద లైనర్ వేయించి పాత కొలతకే తెచ్చాడు. మిగిలిన మూడింటికి రింగులు మాత్రం మార్చాం. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కు పాత రబ్బరు నిలవదు కనుక గొట్టాలన్నీ కొత్తవి వేశాం. ఇది తప్పని మార్పు. ఏవేవి మార్చామో ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసి బండిలోనే ఉంచాను.

ఒక్కచోట మేస్త్రియే ఆగాడు. బ్లాకు అడుగున నీళ్ళు వదిలే కుళాయి మర చుట్టూ ఏదో నార చుట్టి ఉంది. గోగునార. నీరు కారకుండా తాతగారో, ఆయన డ్రైవరో సన్నగా పేని చుట్టినది. "తీసేసి టేపు సుట్టమంటారా?" అని అడిగాడు. నీళ్ళు పోసి చూశాం. చుక్క కూడా కారలేదు. అలాగే ఉంచాం.

నాలుగు నెలల తరువాత ఒక ఉదయం హ్యాండిల్ మూడోసారి తిప్పగా ఇంజను అందుకుంది. శాల అంతా నీలిపొగ. చిన్నాన్నగారు కుర్చీలో కూర్చొని విన్నారు. "ఆ జీపు చప్పుడు ఇంకోలా ఉండేదిరా" అన్నారు. అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కరలేదు.

నా పూర్వవిద్యార్థులకు విన్నపం. మీరు తాకి చూసిన బండి యుద్ధం చూడలేదు. అది చూసింది గోగునారను, మా పల్లెల మట్టిదారులను, ఒక మనిషి అమ్ముకున్న వస్తువును మరచిపోలేకపోవడాన్ని. యుద్ధం మన తీరానికి వచ్చిన మాట మాత్రం నిజం. ఆ పాఠంలో ఈ ఒక్క వాక్యం దిద్దుకోండి. వీలైతే ఒకసారి నెల్లిమర్ల రండి, ఈసారి మూత ఎత్తి చూపిస్తాను.