డాన్యూబ్: గోడయైన నది, బాటయైన నది

ప్రతి సంవత్సరము జనవరి 1వ తేదీన వియన్నా నగరమునుండి ప్రసారమగు సంగీత సభను రేడియోలో విన్నవారికి డాన్యూబ్ నది పేరు క్రొత్త కాదు. సభ ముగియుచుండగా వాద్యబృందమువారు తప్పక వినిపించు ‘నీలి డాన్యూబ్’ అను నృత్యసంగీతమును యోహాన్ ష్ట్రావుస్ రచించెను. అది మొదట సభ కెక్కినది 1867 ఫిబ్రవరిలో. అంతకు ముందటి సంవత్సరమే ఆస్ట్రియా యుద్ధములో ప్రష్యా చేత ఓడిపోయియుండెను. అయితే ఆ సంగీతము విని నదిని చూడబోయినవారు నీలిరంగు కొరకు వెదకి వెదకి నిరాశ చెందుదురు. వియన్నా వద్ద నీరు ఎక్కువ దినములు ఆకుపచ్చగానో, మట్టిరంగుగానో ఉండును. పాటలోని నది వేరు, చరిత్రలోని నది వేరు. నేను చెప్పదలచినది రెండవదానిని గూర్చి.

డాన్యూబ్ పొడవు సుమారు 2,850 కిలోమీటర్లు. యూరప్ ఖండమున వోల్గా తరువాత ఇదియే పెద్దది. జర్మనీలో పుట్టి, పది దేశములను తాకుచు నల్లసముద్రమున కలియుచున్నది. ఇన్ని దేశములను తాకు నది ప్రపంచమున మరియొకటి లేదు. జర్మనులు దీనిని డోనావ్ అందురు. హంగరీవారు దూనా అందురు. సెర్బులు దునవ్ అందురు. ప్రాచీన గ్రీకులు ఇస్టర్ అనిరి. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ అను నాలుగు రాజధానులు దీని యొడ్డుననే యున్నవి.

నది రెండు పనులు చేయగలదు. ఈ యొడ్డువానిని ఆ యొడ్డునకు పోనీయక అడ్డగించుట ఒకటి. ఎగువవానిని దిగువకు మోసికొనిపోవుట మరియొకటి. డాన్యూబ్‌ను గోడగా నిలుపుకొన జూచినవారు చక్రవర్తులు. బాటగా వాడుకొన్నవారు పడవవారు, వర్తకులు, వలసపోవు రైతులు. ఈ రెండు కోరికల నడుమ రెండువేల యేండ్లుగా సాగిన పెనుగులాటయే ఈ నది చరిత్రలో ముఖ్యాంశమని నాకు తోచుచున్నది.

జర్మనీ నైరుతి భాగమున నల్ల అడవి అను కొండసీమ కలదు. అందు పుట్టిన బ్రెగ్, బ్రిగాఖ్ అను రెండు చిన్న యేరులు డోనావెషింగెన్ పట్టణము వద్ద కలిసి డాన్యూబ్ అగుచున్నవి. పుట్టిన కొలది దూరములోనే ఒక వింత జరుగును. ఇమెండింగెన్ సమీపమున నది అడుగున నున్న సున్నపురాతి పగుళ్లలోనికి నీరు ఇంకిపోవును. వేసవిలో చాలా దినములు నదీగర్భము పూర్తిగా ఎండి, రాళ్లు మాత్రమే మిగులును. ఆ నీరేమగుచున్నది? 1877లో ఆ పగుళ్లలో టన్నులకొలది ఉప్పును, రంగును కలిపి పరీక్షింపగా, సుమారు రెండున్నర దినములకు దక్షిణముగా 12 కిలోమీటర్ల దూరమున నున్న ఆఖ్ అను పెద్ద యూటలో ఆ రంగు, ఆ ఉప్పు కనిపించెను. ఆఖ్ నీరు పోయి చేరునది రైన్ నదిలో. అనగా డాన్యూబ్ తన నీటిలో కొంత భాగమును పొరుగునదికి భూమిక్రిందనుండి ఇచ్చివేయుచున్నదన్నమాట! దీనిపై వూర్టెంబెర్గ్, బాడెన్ రాష్ట్రములకు తగవు వచ్చి, 1927లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానము వరకు పోయెను. నదీజలముల వివాదములు మనకు మాత్రమే దక్కినవని అనుకొనరాదు.

ఊల్మ్ పట్టణమునుండి నది పడవల కనుకూలమగును. ఇచ్చట కట్టిన చెక్కపడవలు ఒక వైపు ప్రయాణమునకు మాత్రమే ఉద్దేశింపబడినవి. ప్రవాహమున కెదురీది తిరిగి వచ్చుట కష్టము గనుక, గమ్యము చేరిన పిమ్మట వానిని విడదీసి కలపగా అమ్మివేయుచుండెడివారు. 18వ శతాబ్దమున టర్కీవారు విడిచిన హంగరీ మైదానములను సాగు చేయుటకై వేలకొలది జర్మన్ రైతు కుటుంబములు ఈ పడవలలోనే దిగువకు పోయెను. పడవయే తిరిగిరానిదైనప్పుడు మనిషి తిరిగివచ్చు మాట ఎక్కడిది? వారి సంతతివారు రెండువందల యేండ్లు అచ్చటనే నిలిచి, రెండవ ప్రపంచయుద్ధానంతరము అధిక సంఖ్యలో వెడలగొట్టబడిరి.

ఊల్మ్ దిగువనున్న రీగెన్స్‌బర్గ్‌లో 12వ శతాబ్దపు రాతి వంతెన నేటికిని కలదు. 1146 నాటికి పూర్తియైన ఆ వంతెన మీదుగా తరువాతి యేడాదియే ధర్మయుద్ధమునకు పోవు సేనలు నడచెను. ఈ యూరికి మొదలు ఒక రోమన్ సేనా దుర్గము. క్రీ.శ. 179లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కాలమున దానిని కట్టిరి. ఇటువంటి దుర్గములు, కావలి బురుజులు నది దక్షిణపు టొడ్డు పొడవునను వరుసగా నుండెడివి. నదికి ఇవతల రోమ్, అవతల పరజాతులు. ఇది వారి లెక్క. వియన్నాకు తూర్పున కార్నుంటుమ్ అను మరియొక దుర్గమున ఆ చక్రవర్తియే కొంతకాలము విడిసి ఉత్తరపు టొడ్డు తెగలతో పోరాడుచు, రాత్రులందు తన కొరకు తానే వేదాంత చింతనములను గ్రీకు భాషలో వ్రాసికొనెను. నేడు లోకమంతయు చదువు ఆ గ్రంథములోని ఒక భాగమునకు ‘కార్నుంటుమ్‌లో వ్రాసినది’ అను సూచన కలదు. గోడమీద కావలి కాయుచు మనుష్యులందరు ఒకే నగరపు పౌరులని తలపోసిన ఆ చక్రవర్తి స్థితి విచిత్రము.

గోడ నిలువలేదు. 376లో హూణుల తాకిడికి ఆగలేక గోతులు ఉత్తరపు టొడ్డున గుంపులుగా చేరి ఆశ్రయము వేడిరి. వాలెన్స్ చక్రవర్తి అనుమతి నిచ్చెను. కాని రోమన్ అధికారులు ఆ శరణార్థుల ఆకలిని సొమ్ము చేసికొనిరి. తిరుగుబాటు పుట్టెను. రెండేండ్లలో చక్రవర్తియే ఆ గోతుల చేతిలో యుద్ధభూమిని మరణించెను.

వియన్నా వద్ద నది ఒకప్పుడు అనేక పాయలుగా చీలి, వరదలతో ఊరిని ముంచుచుండెడిది. 1870–75 నడుమ దానిని తిన్నని కాలువగా మార్చిరి. అదియు చాలక 1972 నుండి 1988 వరకు ప్రక్కనే వరదకాలువ నొకదానిని త్రవ్వి, త్రవ్విన మట్టితో 21 కిలోమీటర్ల పొడవైన ద్వీపమును చేసిరి. నేడది నగరవాసుల విహారస్థలము.

బుడాపెస్ట్ కథ మరింత హృద్యమైనది. 1873 వరకు బుడా, పెస్ట్ వేర్వేరు నగరములు. నడుమ పడవలపై కట్టిన వంతెన యుండెడిది గాని, మంచుగడ్డలు కొట్టుకొనివచ్చు శీతకాలమున దానిని విప్పివేయవలసి వచ్చెడిది. 1820 డిసెంబరులో ఇష్ట్వాన్ సెచెన్యి అను యువ ప్రభువు తండ్రి మరణవార్త విని బయలుదేరి, నది దాటలేక వారము దినములు ఒడ్డున చిక్కుకొనెను. శాశ్వతమైన వంతెన యుండవలెనను సంకల్పము ఆయనను విడువలేదు. ఇంగ్లండు ఇంజనీరు విలియం టియర్నీ క్లార్క్ నమూనా గీసెను. ఆడమ్ క్లార్క్ అను స్కాట్లండు ఇంజనీరు దగ్గరనుండి కట్టించెను. నడిమి అంకణమే 202 మీటర్లు. 1849 నవంబరులో గొలుసుల వంతెన జనులకు తెరువబడెను. కాని సెచెన్యి అప్పటికి మతి చలించి వియన్నా సమీపమున చికిత్సాలయమున నుండెను. 1860లో అచ్చటనే మరణించెను. పూర్తియైన తన వంతెనపై ఆయన ఒక్కమారైనను నడువలేదు.

ఆ యొడ్డుననే, పార్లమెంటు భవనమునకు దగ్గరగా, 2005లో నెలకొల్పిన ఇనుప పాదరక్షల వరుస యొకటి కలదు. 1944–45 శీతకాలమున హంగరీ ఫాసిస్టులు యూదులను నది యంచున నిలిపి, చెప్పులు విడువుమని, కాల్చి నీటిలో త్రోసిరి. ఆ జనవరిలోనే జర్మన్ సేనలు వెనుదిరుగుచు గొలుసుల వంతెనను కూల్చివేసెను. నూరేండ్ల పండుగనాటికి, అనగా 1949కి, దానిని మరల నిలిపిరి. దిగువన సెర్బియాలోని నోవిసాద్ నగరపు వంతెనలకు గూడ 1999లో ఇదే గతి పట్టెను. నాటో విమానములు వానిని కూల్చగా, శిథిలములు నదిలో అడ్డుపడి ఓడల రాకపోకలు కొన్నియేండ్లు స్తంభించెను.

బెల్‌గ్రేడ్ దాటిన పిమ్మట కొండలు రెండు ప్రక్కల నుండి నదిని నొక్కివేయును. ఎగువ మైదానమున విశాలముగా పారిన నీరు కజాన్ అను చోట సుమారు 150 మీటర్ల ఇరుకులో దూరును. కజాన్ అనగా టర్కీ భాషలో కాగు. సుడులు తిరుగు నీటిని చూచి పెట్టిన పేరది. ఈ కనుమల చివరి భాగమే ‘ఇనుప ద్వారము’. నీటిలో దాగిన బండలకు వెరచి పడవవారు ప్రాణములు అరచేత బట్టుకొని దాటెడివారు.

గోడను బాటగా మార్చ సాహసించిన మొదటివాడు రోమన్ చక్రవర్తి ట్రాజన్. ఉత్తరపు టొడ్డుననున్న డేసియా రాజ్యమును జయింపదలచి, నిలువుకొండను తొలిచి అంచు వెంబడి బాట వేయించెను. బండలను తప్పించుటకు ప్రక్కగా కాలువ త్రవ్వించెను. కనుమల దిగువన డమాస్కస్ వాస్తవ్యుడైన అపొల్లొడోరస్ చేత క్రీ.శ. 103–105 నడుమ కిలోమీటరుకు మించిన పొడవుగల వంతెన నిర్మింపజేసెను. ఇరువది రాతి స్తంభములపై కలప కమానులు. తరువాత వచ్చిన హేడ్రియన్ చక్రవర్తి, శత్రువులు ఆ వంతెన మీదుగానే ఇవతలికి రాగలరని జంకి పైకట్టును తీయించెనని డియో కాషియస్ వ్రాసియున్నాడు. ఒకరి బాట మరియొకరికి గోడలోని కన్నముగా కనిపించినది! కొన స్తంభములు నేటికిని రెండొడ్డులందు కలవు.

పదునేడు శతాబ్దములకు పిమ్మట ఈ కనుమలకు మరల మంచి దినములు వచ్చెను. ముందు చెప్పిన సెచెన్యియే పాల్ వాషార్‌హెయి అను ఇంజనీరును తోడు తీసికొని 1830 తరువాత ఇచ్చట బాట వేయించెను, బండలు ప్రేల్పించెను. 1896లో సిప్ కాలువ సిద్ధమయ్యెను. ఆస్ట్రియా చక్రవర్తి, రుమేనియా, సెర్బియా రాజులు కలిసి దానిని ప్రారంభించిరి. తీరా చూడగా కాలువలో వేగము మితిమీరినది. ఎగువకు పోవు ఓడలను లాగుటకు ఒడ్డున పట్టాలు వేసి రైలింజను నుంచవలసి వచ్చెను!

సమస్యను పూర్తిగా తీర్చినది ఆనకట్ట. రుమేనియా, యుగోస్లావియా దేశములు 1964లో ఆరంభించి 1972లో ముగించినవి. నీరు ఎగువన సుమారు 35 మీటర్లు లేచి, బండలన్నియు అడుగున మునిగిపోయెను. పెద్ద ఓడలు నిర్భయముగా పోవుచున్నవి. విద్యుత్తును ఇరుప్రక్కలవారు సమముగా పంచుకొనుచున్నారు. ఈ మేలును తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు. కాని మునిగినవి బండలు మాత్రమే కావు. పాత ఓర్షోవా పట్టణము మునిగెను. వేలకొలది జనులు ఇండ్లు విడిచిరి. ట్రాజన్ బాట మునిగెను. ఆయన శాసనమున్న శిలను మాత్రము కోసి, ఇరువది మీటర్లకు పైగా ఎత్తి నిలిపిరి. 1965 నుండి ద్రాగోస్లావ్ స్రెయోవిచ్ త్రవ్వకములలో బయటపడిన లెపెన్‌స్కి వీర్ అను ఎనిమిదివేల యేండ్ల నాటి జాలరుల పల్లెను గూడ గట్టుపైకి తరలించిరి. ఆ పల్లెవారు చెక్కిన రాతి బొమ్మలకు మనిషి కన్నులు, చేప నోరు! అదే దశాబ్దమున కృష్ణానది లోయలోని నాగార్జునకొండ శిథిలములను కొండపైకి చేర్చిన తీరు తెలుగువారికి జ్ఞాపకము రాక మానదు.

పైకెత్తుటకు వీలుకానిది అడా కాలే. ‘ద్వీప దుర్గము’ అని ఆ టర్కీ పేరునకు అర్థము. పొడవు రెండు కిలోమీటర్లకు లోపు. వెడల్పు అర కిలోమీటరు. 1878 బెర్లిన్ మహాసభలో రాజ్యముల ఎల్లలను గీసిన రాజనీతిజ్ఞులు ఈ చిన్న ద్వీపమును పేర్కొనుట మరచిరి. ఆ మరపు మూలమున నలుప్రక్కల టర్కీ ప్రభుత్వము తొలగిపోయినను, ఇచ్చటి కొలదిమంది టర్కులు పేరునకు సుల్తాను ప్రజలుగా నిలిచిపోయిరి. అత్తిచెట్లు, ఇరుకు సందులు, పొగాకు, గులాబిపూల మురబ్బా, కాఫీ దుకాణములు, ఒక మసీదు. ఇదియే వారి ప్రపంచము. మసీదులో పరచుటకు రెండవ అబ్దుల్ హమీద్ సుల్తాను పెద్ద తివాచీ నొకదానిని పంపెను. 1923 లోజాన్ సంధితో ద్వీపము రుమేనియాకు దక్కెను. ఆనకట్ట లేచుచుండగా సుమారు 600 మంది ద్వీపవాసులలో కొందరు టర్కీకి, కొందరు నల్లసముద్ర తీరమునకు తరలిరి. దుర్గపు రాళ్లు కొన్ని దిగువనున్న షిమియాన్ ద్వీపమునకు చేర్చబడెను. మినారును కూల్చివేసిరి. 1970–71 నాటికి అడా కాలేపై నీరు నిండెను. గోడయు బాటయు కాక, నది నడుమ ఊరక యుండిన చోటది. మూల్యము చెల్లించినది అదియే.

మరియొక నష్టము కంటికి కనబడదు. నల్లసముద్రపు బెలూగా స్టర్జన్ మత్స్యములు గ్రుడ్లు పెట్టుటకు పూర్వము హంగరీ దాటి పై దేశముల వరకు ఎదురీది పోయెడివి. 1972లో మొదటి ఆనకట్ట, 1984లో దాని దిగువన రెండవది వానికి త్రోవ మూసెను. సముద్రమునుండి 863 కిలోమీటర్ల వద్ద వాని ప్రయాణము ఆగిపోవుచున్నది. ఓడకు తెరచిన బాట చేపకు గోడయైనది.

అటుపై నది రుమేనియా, బల్గేరియాల నడుమ బద్ధకముగా సాగి, చివరకు మూడు పాయలై సముద్రమున కలియును. ఆ రెల్లుదుబ్బుల సీమ గూడబాతులకు నెలవు. నడిమి పాయ మొగనున్న సులీనాలో 1856 పారిస్ సంధి మేరకు ఏర్పడిన యూరోపియన్ డాన్యూబ్ సంఘము పని చేసెను. ఏ ఒక్క రాజ్యమునకును చెందక, నదిని అందరి ఓడలకు తెరచియుంచుటకై ఏర్పడిన ఈ సంఘము అంతర్జాతీయ సంస్థలలో మొదటివానిలో నొకటి. దాని ఇంజనీరు చార్లెస్ హార్ట్‌లీ మెలికలు తిరిగిన ఆ పాయను తిన్నగా చేయించెను. డాన్యూబ్‌పై కిలోమీటర్ల లెక్క ఇచ్చటనే సున్నతో మొదలగును. పుట్టుకనుండి కాక, సముద్రమునుండి ఎగువకు కొలుచుట ఇచ్చటి ఆచారము.

1984 నుండి కొన్ని ఓడలు అంతవరకు పోక, చెర్నవోడా వద్ద త్రవ్విన కాలువలో తిరిగి కాన్‌స్టాంట్సా రేవునకు తిన్నగా చేరుచున్నవి. ఆ రేవుపట్టణపు పెద్ద మసీదులో పరచియున్న తివాచీ అడా కాలేనుండి వచ్చినదే.